కేకల బాబాయ్

కేకల బాబాయ్ గొంతెత్తాడంటే ఆకాశంలో పోయే పిట్ట కూడా దారి తప్పాల్సిందే. వింతేమిటంటే, ఆ కేకలకి సైన్యం ఆయనకి నెలనెలా జీతమిచ్చేది.

సైనిక కుక్కల శిక్షణ కేంద్రంలో ఆయనది దొంగ ఉద్యోగం. పరుపులాంటి దళసరి కోటు తొడుక్కుని మైదానంలో దొంగలా పరిగెత్తాలి. కుక్క వెంటపడి చెయ్యి కరిచి పట్టుకోవాలి. మిగతా దొంగలు "అబ్బా" అని సరిపెట్టేవారు. బాబాయ్ మాత్రం నేలమీద పడి దొర్లేవాడు.

"చచ్చాన్రో దేవుడో! నా పిల్లలు అన్యాయమైపోతార్రో!"

ఆయనకి పిల్లల్లేరు. ఉన్న ఒక్క భార్యా కేంద్రం కంచెకి అవతలి ఇంట్లో నిక్షేపంగా కూరలు తరుక్కుంటూ ఉండేది.

అలవాటు ముదిరి ఇంట్లోనూ అదే వరస. దోమ కుట్టినా పిల్లలు అన్యాయమైపోవాల్సిందే. ఒకసారి పక్కింట్లో కొత్తగా దిగిన దంపతులు కేక విని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఏం లేదమ్మా, టీ చురుక్కుమంది" అంది బాబాయ్ భార్య, తలుపైనా తీయకుండా.

ఈ కేకలంటే కేంద్రంలో ఒక శిక్షకురాలికి ఒళ్ళు మంట. ఆమె పెంచుతున్న ఆడకుక్కని అందరూ సిగ్గులమ్మ అనేవారు. దానికి కరవడమంటే మహా మొహమాటం. దొంగని అందుకునేది, వాసన చూసేది, తోకూపి వచ్చేసేది. పరీక్షలో కరవకపోతే దాన్ని ఎక్కడో దూరాన గిడ్డంగి కాపలాకి పంపేస్తారు. కళ్ళు తెరవనప్పట్నించీ పాలు పట్టి పెంచిన పిల్లాయె, ఆమెకి అన్నం సయించడం లేదు.

"బాబాయ్, మీ గావుకేకలకి అది బెదిరిపోతుంది. పరీక్షలో కాస్త మెల్లగా అరవండి."

"మెల్లగా అరిస్తే దాన్ని అరుపంటారా, దగ్గంటారా?"

పరీక్షరోజు పెద్దాఫీసరు కుర్చీ వేయించుకు కూర్చున్నాడు. బాబాయ్ పరుగందుకున్నాడు. సిగ్గులమ్మ వెంటపడింది, అందుకుంది, యథాప్రకారం మొహమాటపడి కోటుకి పన్ను అలా ఆనించింది. ఆనించిందో లేదో...

"చచ్చాన్రో! పులి పట్టిందిరో! నా మనవలు అన్యాయమైపోతార్రో!"

పిల్లల్లేని మనిషికి మనవలు! బాబాయ్ గింగిరాలు తిరిగి, పడి, దొర్లి, కాళ్ళు కొట్టుకున్నాడు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సిగ్గులమ్మ ఆగిపోయింది. కిందపడ్డ మనిషిని చూసింది, శిక్షకురాలిని చూసింది. 'ఇంత పని చేసింది నేనేనా?' అన్నట్టు దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి. మరుక్షణం ఒక్క గెంతులో వచ్చి దవడలు బిగించి పట్టింది. ఈసారి దళసరి కోటు కూడా దాన్ని ఆపలేకపోయింది.

బాబాయ్ కిక్కురుమనలేదు. పడుకుని నవ్వుతున్నాడు.

"బాబాయ్, అరవండి! ఆఫీసరుగారు చూస్తున్నారు!"

"ఉండమ్మా, ఎంత ముచ్చటగా కరుస్తోందో చూడనీ."

సిగ్గులమ్మ నెగ్గింది. తర్వాత మందుల గదిలో బాబాయ్ కోటు విప్పితే మోచేతి కింద నాలుగు పళ్ళ గుర్తులు నీలంగా కమిలి ఉన్నాయి.

"ఇంత నొప్పికి నోరెత్తలేదు, ఊరికే తగిలినదానికి కొంప మునిగినట్టు అరిచారే!" అంది శిక్షకురాలు.

"పిరికిదానికి ధైర్యం ఎట్లా వస్తుందమ్మా? ఎదుటివాడు తనకంటే పిరికివాడని తెలిస్తే వస్తుంది. ఆ ఎదుటివాణ్ణి నేను."

ఇన్నాళ్ళూ ఈయన్నా తిట్టుకున్నానని శిక్షకురాలికి సిగ్గేసింది. ప్రేమ పొంగుకొచ్చి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. సరిగ్గా కమిలిన చోటే.

"చచ్చాన్రో! నా పిల్లలు అన్యాయమైపోతార్రో!"

కంచె అవతలనుంచి భార్య గొంతు వినిపించింది.

"బతికుంటే, వచ్చేటప్పుడు ఉల్లిపాయలు పట్రండి!"