ఎవరిదీ కాని రోలు

కారు మాట్లాడుకోక బస్సెందుకు ఎక్కావు నాయనమ్మా అని ఫోన్‌లో అడిగావు కదరా చిన్నోడా, ఒక్కదాన్నే కారులో కూర్చుంటే నాకు తోచదు. నువ్వూ చెల్లీ ఎప్పుడైనా మాచర్ల వెళితే ఇదే దారిన వెళ్ళండి. నరసరావుపేటలో ఏడింటికి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే, ఆడవాళ్ళకి ఉచితమని కండక్టర్ సున్నా టికెట్టు కొట్టిచ్చాడు.

కూర్చున్నానన్నమాటే గానీ మనసు నిలవలేదు. నేను కాపురానికి వెళ్ళిన సందులో మా ఎదురింటి షంషాద్ ముందురోజు ఫోన్ చేసింది. "సిమెంటు రోడ్డు పోస్తన్నారక్కా. రేపు మజ్జానానికి మన రోలు కాడికొస్తారు. తియ్యకపోతే పూడ్చేస్తారంట."

కారంపూడిలో బస్సు ఎంతకీ కదలదు. నేను లేచి నిలబడటం, మళ్ళీ కూర్చోవడం చూసి పక్కసీటామె నవ్వింది.

"ఏందమ్మా, ఎవరికన్నా నెప్పులొస్తన్నయ్యా ఏంది?"

"రోలు కోసం పోతున్నానమ్మా."

"మీ ఇంట్లో మిక్సీ లేదా?"

మాచర్లలో దిగేసరికి పది దాటింది. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీలు తిని ఆటో ఎక్కాను. మా సందు మొదట చర్చి, చివర మసీదు, మధ్యలో రామమందిరం. మందిరానికి ఎదురుగా రోలు. గోంగూర పచ్చడి, హలీంకి గోధుమలు, క్రిస్మస్ అరిసెల పిండి, అన్నీ అందులోనే దంచేవాళ్ళం. రోకలి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. రోలు ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రోజు రోలు చుట్టూ చేరిన సందువాళ్ళని మేస్త్రి అడిగాడు. "ఎవరిదో చెప్పండమ్మా, వాళ్ళ గుమ్మంలో పెట్టిస్తా. లేదంటే దానిమీదనే పోసుకుంటా పోతా."

"మాది కాదయ్యా, మేరీ టీచర్ వాళ్ళదేమో," అంది షంషాద్.

"అయ్యో, మాదేంది! శెట్టిగారిదనుకుంటన్నా," అంది మేరీ.

శెట్టిగారి కోడలు తల అడ్డంగా ఊపింది. ఒకరి గుమ్మంలో పెడితే రేపటినుంచి మిగతావాళ్ళు అడిగి దంచుకోవాలి. అందుకే ఎవరి నోటా "మాది" అన్న మాట రాదు. కాంక్రీటు కలిపే మిక్సర్ తిరుగుతూనే ఉంది. కాంక్రీటు మేం ఒకప్పుడున్న ఇంటి మెట్టు దాకా వచ్చేసింది.

"నాది," అన్నాను. ఆ సందులో నాకిప్పుడు గుమ్మమే లేదు కదా. "మా అత్తగారు పుట్టింటినుంచి తెచ్చుకుంది. ఆ కుళాయి దిమ్మ పక్కన పెట్టించయ్యా."

కూలీలు గునపాలేసి లేపి దొర్లించుకుపోయారు. మేరీ నీళ్ళు పోసి కడిగింది. శెట్టిగారి కోడలు రోకలి తెచ్చి పచ్చిమిరపకాయలు దంచింది. ఆ పచ్చడితో షంషాద్ ఇంట్లో అన్నం తిన్నాం.

నాలుగింటి బస్సుకి షంషాద్ సాగనంపడానికొచ్చింది. బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని నవ్వింది. "రోలు మీదని ఇన్నేళ్ళల్లో ఒక్కసారన్నా చెప్పలేదేంది అక్కా?"

బస్సు మలుపు తిరిగింది. తిరుగు దారిలోనూ కుదురుగా కూర్చోలేకపోయాను. మా అత్తగారు ఆ సందులోనే పుట్టింది, ఆ సందులోనే మెట్టింది. ఇక రోలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? ఆ సంగతి షంషాద్‌కి తెలియదా? మరి నా మాట నమ్మి అడిగిందా, నమ్మకే నవ్విందా?