శాలిహుండం కొండ దిగివచ్చిన మనిషి

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. శాలిహుండం కొండ కనబడగానే వేలు పెట్టి చూపించింది.

"ఆ బౌద్ధుల స్తూపం కాడే మేకలు కాసీదాన్నమ్మా. అక్కడికి సముద్రం కనిపిస్తాది. ఎనకటోళ్లు ఓడలెక్కి సానా దూరం ఎల్లీవోరంట. నానేటి, ఒక్కసారి కాళ్లు కూడా తడపనేదు."

"మరి ఇప్పుడు?" అన్నాను.

"మేకల్ని అమ్మేసినాను కదా!" అని నవ్వింది.

బస్సు దిగి తీరం దాకా కలిసే నడిచాం. నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది. మొదటి అలకు భయపడి నా వేళ్లు నలిపేసింది. కాసేపటికి తానే వదిలేసింది.

"నువ్వెల్లమ్మా, నానుంటాను."

నేను వెళ్లలేదు. ఆమెకు తనివి తీరేదాకా ఇసుకలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను.