పదిహేడు గిన్నెల పెరుగన్నం

ఈ మధ్యాహ్నం అమెరికాలోని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ల వాళ్లందరి పాట్‌లక్, అంటే ఇంటికో వంటకం తెచ్చుకునే విందు, జరిగింది. ఎవరు ఏం వండుతారో ఎంచుకునే ఫారం సాఫ్ట్‌వేర్‌లో పన్నెండేళ్ల అనుభవమున్న నేనే రాశాను. డ్రాప్‌డౌన్ జాబితాలో ఎంచుకున్నదాన్ని సబ్మిట్ నొక్కాక చదవాలి. నా ఘనమైన కోడ్ మాత్రం పేజీ తెరుచుకోగానే, ఎవరూ ఏదీ ఎంచుకోకముందే చదివేసింది. దాంతో జాబితాలో మొదటిదైన పెరుగన్నమే తెమ్మని పదిహేడు కుటుంబాలకూ మెయిల్ వెళ్లింది. అందరూ అదే తెచ్చారు.

"మెయిల్ చూసి డౌట్ రాలేదా ఆంటీ?" అని ఎదురింటావిడను అడిగాను.

"నేను గుత్తివంకాయే సెలెక్ట్ చేశా బాబూ. సాఫ్ట్‌వేర్ వాడివి, నువ్వు మార్చావంటే ఏదో లెక్కుంటుందిలే అనుకున్నా."

ఈ నమ్మకంలో సగమైనా మా మేనేజర్‌కి లేదు.

పాట్‌లక్ ఎలా ఉందని అడిగే ఫారంలోనూ అదే కోడ్ ఉంది. అందులో మొదటి ఆప్షన్ 'అద్భుతం'. ఇప్పటికి పదిహేడు అద్భుతాలు వచ్చాయి. సరిచేయమంటారా?