రెడ్డిగూడెం ఆయన గురించి నేను చెప్పనిది

పన్నెండేళ్ళుగా ఒక మాటని మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఒక్క రోజూ వదల్లేదు. వానలు రాశాను, బడి తనిఖీలు రాశాను, మా ఆవిడ పోయిన రోజు కూడా రాశాను. ఇది మాత్రం రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిరువూరు దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా చర్చిలో సంఘ పెద్దని. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వచ్చేవాళ్ళు తమ కష్టం ఒక చీటీ మీద రాసిస్తారు. రాయడం రానివాళ్ళు నా చెవిలో చెబుతారు. అవన్నీ ఒక పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్న పని. పేరు, ఊరు, జబ్బు, తేదీ. పక్కన రెండు గడులు: జవాబు వచ్చింది, రాలేదు. దేవుడి పనిని కూడా కళ్ళతో చూసి రాసుకోవచ్చని, ఏదో ఒకనాటికి ఎవరడిగినా ఇదిగో రుజువు అని చూపించొచ్చని అనుకున్నాను.

కొన్నేళ్ళకి రెండో గడి నిండిపోయింది. మొదటిది పలచగా ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, స్కేలు తీసుకుని మూడో గడి గీశాను. పైన 'దేవుని చిత్తం' అని రాశాను. రెండో గడిలో పేర్లన్నీ అందులోకి మార్చాను. మా ఆవిడ పేరు కూడా. ఆ తర్వాత నా పుస్తకంలో ఏ చావూ నా నమ్మకానికి ఎదురు రాలేదు. ప్రయోగంలో రాని రీడింగు వచ్చినట్టు రాసిన పిల్లల చెవి మెలిపెట్టేవాణ్ణి నేను. నా చెవి మెలిపెట్టేదెవరు?

ఏటా సంఘ వార్షికోత్సవానికి ఆ పుస్తకం పట్టుకుని నిలబడి మొదటి గడిలో పేర్లు మాత్రం చదివేవాణ్ణి. వాటిలో రెడ్డిగూడెం ఆయనది ఒకటి. రెండు కిడ్నీలూ పాడై, మేం ప్రార్థన చేశాక లేచి తిరిగినవాడు. పన్నెండేళ్ళ కిందట ఆ పేరు చదవగానే అందరూ స్తోత్రం అన్నారు. వాళ్ళమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చిందనీ, పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి మార్చారనీ నాకు తెలుసు. అది చదవలేదు. అబద్ధం చెప్పలేదు కదా, ఒక్క వాక్యం వదిలేశానంతే అని సర్దుకున్నాను.

ఆ రోజు ముందు వరసలో చాప మీద కరుణమ్మ కూర్చుని ఉంది. ఎ.కొండూరు వైపు ఊరు, మామిడి తోటల్లో కూలి పని. భర్త ఏసోబుకి వారానికి రెండుసార్లు డయాలసిస్. అందుకోసం బస్సులో విజయవాడ వెళ్ళి రావాలి. వారం తిరక్కుండా ఆమె మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేసినా మెట్టు మీదే కూర్చుంది.

"మా ఆయన దేవుడితో కన్నా ఆ బస్సు కండక్టరుతోనే ఎక్కువ మాట్లాడుతున్నాడు మాస్టారూ," అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. "ఇంక ఆ సూదులు నా వల్ల కాదంటున్నాడండి. మానేసి ప్రార్థన మీదే ఉందామంటున్నాడు. మీరు చదువుకున్నోళ్ళు, అన్నీ పుస్తకంలో రాస్తారు. ఆ రెడ్డిగూడెం ఆయన నిజంగా ప్రార్థనకే లేచాడా?"

"లేచాడమ్మా."

"మందూ మాకూ ఏం లేకుండానే?"

ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"దేవుడు చెయ్యాలనుకుంటే మందులతో పనేముంది కరుణమ్మా," అన్నాను.

ఆమె అడిగినదానికి అది ఔనూ కాదు, కాదూ కాదు. కానీ ఆమెకి చాలింది. దణ్ణం పెట్టి లేచి వెళ్ళిపోయింది.

ఎందుకలా అన్నాను? సంఘంలో పరువు పోతుందనా? అదీ ఉంది. కానీ అంతకన్నా లోపల ఇంకోటి ఉంది. రెడ్డిగూడెం ఆయన పేరు మొదటి గడిలోంచి తీసేస్తే దాని పక్క పేరు చూడాలి, ఆ తర్వాతది చూడాలి, అలా చూసుకుంటూ పోతే చివరికి మూడో గడిలో ఉన్న మా ఆవిడ పేరు దగ్గర ఆగాలి, నేను రాత్రీ పగలూ మోకాళ్ళ మీద ఉండి అడిగినదానికి ఏ జవాబూ రాలేదని ఒప్పుకోవాలి. అది నాకు చేతకాలేదు. నా కళ్ళు నేను మూసుకోవడానికి ఇంకో ఆడమనిషి భర్తని వాడుకున్నాను.

ఏసోబు ఆ వారమే డయాలసిస్ మానేశాడు. పదహారో రోజు ఊపిరాడక పోయాడు. సమాధి మీద మట్టి వేశాక కరుణమ్మ నా దగ్గరికి వచ్చింది. తప్పు తనదేనంది. తన విశ్వాసం చాల్లేదంది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. 'కరుణమ్మకి ధైర్యం చెప్పాను.' ఆనాటి డైరీలో ఉన్నది అంతే.

నేను నమ్మడం మానేశానా? లేదు. ఇప్పటికీ పొద్దున్నే మోకరిస్తాను. ఇన్ని పేర్లు నా చేత్తో రాసి, చూసి, లెక్కపెట్టి కూడా లోపల ఏదీ కదల్లేదు. ఏం జరిగితే నీ నమ్మకం తప్పని ఒప్పుకుంటావు అని నన్ను నేను అడుగుతాను. ఏమీ తోచదు. దేనికీ కదలని దాన్ని విశ్వాసం అనాలా, మొండితనం అనాలా? యేసు ప్రభువుని నమ్ముతున్నానా, నా పుస్తకాన్ని నమ్ముతున్నానా? నాకు తెలియడం లేదు. తెలియకుండానే పాటలు పాడుతున్నాను, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నాను.

ఇదంతా నాతోనే మట్టిలో కలిసిపోయేది. కానీ కిందటి నెల కరుణమ్మ కొడుకు దానియేలుకి కూడా కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, మెకానిక్కు. వెంటనే డయాలసిస్ మొదలుపెట్టాలన్నారు. మొన్న శుక్రవారం ఆమె చీటీ తెచ్చి నా చేతికిచ్చి, బిడ్డని ఆసుపత్రికి పంపననీ, ఈసారి తన విశ్వాసం తప్పదనీ చెప్పింది.

మర్నాడు పుస్తకం తీసుకుని బస్సెక్కాను. వాళ్ళింట్లో మంచం మీద కూర్చుని అంతా చెప్పాను. రెడ్డిగూడెం ఆయన తల్లి ఇచ్చిన కిడ్నీ గురించి, మూడు గడుల గురించి, మా ఆవిడ గురించి. ఏసోబు పోయింది నీ విశ్వాసం చాలక కాదమ్మా, నేను నిజం చెప్పకపోవడం వల్ల అన్నాను. తల్లీకొడుకులిద్దరూ విన్నారు. ఆమె పుస్తకాన్ని ముట్టుకోలేదు. అరవలేదు, ఏడవలేదు.

"పెద్దోళ్ళయిపోయారు మాస్టారూ," అంది జాలిగా. "సాతాను మీ నోటితో నన్ను పరీక్షిస్తున్నాడు. మీ కోసం ప్రార్థన చేస్తాన్లెండి. మజ్జిగ తాగి వెళ్ళండి."

అబద్ధం చెబితే ఒక్క మాటకే నమ్మింది. నిజం చెబితే, చేతిలో పుస్తకం ఉండి కూడా, నమ్మించలేకపోయాను. పన్నెండేళ్ళు ఆ నమ్మకానికి నీళ్ళు పోసి పెంచింది నేనే కదా.

దానియేలు నన్ను బండి మీద మెయిన్ రోడ్డు దాకా తీసుకొచ్చాడు. నేను దిగాక, ఇంజను ఆపకుండానే అడిగాడు.

"నాన్న బతికేవాడా మాస్టారూ?"

"ఎన్నాళ్ళో చెప్పలేను. అప్పుడే పోయేవాడు కాదు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆసుపత్రి రోడ్డు ఎక్కుతాడేమోనని నిలబడి చూశాను. బండి తిప్పుకుని ఊళ్ళోకే వెళ్ళాడు.

అది జరిగి నాలుగు రోజులైంది. రోజూ దానియేలుకి ఫోను చేస్తున్నాను, ఎత్తడం లేదు. రేపు మళ్ళీ వెళతాను. కరుణమ్మ నన్ను క్షమించాలని వెళ్ళడం లేదు, అది అడిగే నోరు నాకు లేదు. ఏసోబు ఎలాగూ పోయేవాడేనని మీరు నన్ను ఓదార్చొద్దు. ఆమె అడిగింది. నాకు తెలుసు. చెప్పలేదు. నేను చేసింది ఇదీ.