కథలో పిల్లకి మొక్కు

ఈ పొద్దున కాఫీ తాగుతుంటే కొల్లేటికోట నుంచి ఫోన్లో ఒక ఫోటో వచ్చింది. గుమ్మం పట్టుకుని ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. ఒక కాలికే పట్టీ ఉంది, మూతి నిండా అరటిపండు. ఫోటో వెనకే వాళ్ళ అమ్మమ్మ గొంతుతో సందేశం: "టీచరుగారూ, మీ పిల్ల ఇంకా ఉయ్యాల్లోనే ఉందాండి? మాది గుమ్మం దాటేసిందండి. మీరు కథ ఆపేసినందుకు మేమేం అనుకోవట్లేదండి. ఆపాకే ఎక్కువ గుర్తొత్తంది." ఇది పొగడ్తా కాదా అని మావారిని అడిగితే, "నీకు వచ్చినవాటిలో ఇది మెరుగే," అన్నారు. నిజమే. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, ఏలూరులో రిటైరై, డెబ్బయ్యో ఏట కథ రాయడం మొదలుపెట్టినదాన్ని. నాకు వచ్చిన పొగడ్తల్లో నిటారుగా నిలబడ్డది ఒక్కటీ లేదు. అన్నీ కాస్త వంకరగానే వచ్చాయి.

ఇదంతా ఒక టీవీ సీరియల్ వల్ల మొదలైంది. అందులో చిన్నకోడలికి ఉగాది నాడు నెల తప్పిందన్నారు. శ్రావణమాసం నోములు వెళ్ళాయి, దసరా వెళ్ళింది, కార్తీక దీపాలు వెళ్ళాయి, మళ్ళీ ఆ ఇంట్లో ఉగాది పచ్చడి కలిపారు. ఆ పిల్ల మాత్రం పొట్ట పట్టుకుని అవే మెట్లు దిగుతూ ఉంది. సీరియల్లో కాలం నెమ్మదిగా నడుస్తుందేమో అని సరిపెట్టుకుందామంటే, పండగలన్నీ మనతో పాటే చేసుకుంటున్నారు. తాడేపల్లిగూడెంలో మా తోడికోడలు, ఏలూరులో నేను ఎవరింట్లో వాళ్ళం చూస్తూ, ప్రకటనలు వచ్చినప్పుడు ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. "పదమూడో నెలమ్మా ఇది," అని నేనంటే, "సీరియల్ చూడమంటే ఇన్‌స్పెక్షన్ చేస్తారేంటండీ అక్కయ్యా! ముందు ఆ పిల్ల కట్టిన చీర చూశారా?" అనేది. ఆ తర్వాత ఒక శుక్రవారం ఆ పిల్ల మెట్ల మీద కాలు జారింది. సోమవారం అదే వేళకి వేరే సీరియల్ మొదలైంది. పడిందో, ఎవరైనా పట్టుకున్నారో కూడా చెప్పకుండా, నిండు గర్భిణిని గాల్లో వదిలేసి వెళ్ళిపోయారు.

నాకు అలా వదిలేయడం చేతకాలేదు. కథను వెనక్కి తీసుకెళ్ళి ఉగాది నుంచే మొదలుపెట్టాను. ఈసారి నెలలు నేను లెక్కపెడతాను. పంచాంగంలో ఏ వారమో కథలోనూ ఆ వారమే. మొదటి అధ్యాయంలోనే ఆమెను మెట్లు లేని ఇంటికి మార్చాను. ఆ పిల్లది కొల్లేటి నీళ్ళ మధ్య ఒక లంక ఊరు అని సీరియల్లో ఒక్కసారి అన్నారు గానీ ఎప్పుడూ చూపించలేదు. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, అందుకని ఏడో నెలలో శ్రీమంతం చేసి లంకకు పంపాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ వైపు బడికి దోనె పడవ మీద వెళ్ళినదాన్నే. నీళ్ళూ, గాలీ, తుంగ వాసనా నాకు కొత్త కాదు. ఫోన్లో కథలు పెట్టుకునే చోటు ఒకటుంటే మంగళవారం మంగళవారం ఒక భాగం పెట్టేదాన్ని. దీన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని తర్వాత తెలిసింది. నేను ఆ సీరియల్‌కి ఫ్యాన్‌ను కాను. ఆ పిల్ల తరఫు మనిషిని.

పాఠకులు వచ్చారు. మొదటి ఆయన, "సీరియల్ కంటే బాగుంది మేడమ్, సీరియల్ అస్సలు బాగుండేది కాదు," అని రాశారు. ఒకమ్మాయి, "మీరు పెద్దవారని ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరో కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల అనుకుని సర్దుకుపోయాను," అంది. నిద్ర పట్టనప్పుడు నా కథ తెరుస్తాననీ, రెండో పేరాకే కళ్ళు మూతలు పడతాయనీ, దేవుడు నన్ను చల్లగా చూడాలనీ పెంటపాడు నుంచి ఒక రైతు దీవించారు. మా తోడికోడలు అయితే ఫోన్లోనే అనేసింది: "ఎంత ప్రేమగా ఉందో అక్కయ్యా! మీరు మాట్లాడినట్టే లేదు." నాకు కోపం రాలేదంటే ఎవరూ నమ్మరు గానీ, నిజంగానే రాలేదు. బడిలో నేను పిల్లల్ని మెచ్చుకున్న తీరూ అదే. "ఈసారి తప్పు కొత్తగా చేశావురా," అంటే వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవారు. పూర్తి మార్కులు వేసే చెయ్యి కాదు నాది. మరొకరిని ఎలా అడుగుతాను? పైగా చదవనివాడు వంకర మాటైనా అనడు కదా.

అందరిలోకీ నాకు దగ్గరైంది కొల్లేటికోట ఆవిడ. చేపల చెరువుల మీద పనికి వెళ్తుంది. కూతురు తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. సాయంత్రం ఆ అమ్మాయి చదువుతుంటే ఈవిడ వింటుంది, విన్నాక గొంతుతో సందేశం పెడుతుంది. "మా కొల్లేరు మీకు బానే తెలుసండి. ఇక్కడ పుట్టనోళ్ళకి ఆ మాత్రం తెలియడం ఎక్కువే," అన్నది ఆవిడ మొదటి మెప్పు.

నన్ను గుచ్చింది ఒకే ఒక్క మాట. "హాయిగా ఉంటుందండి మీ కథ, ఏమీ జరగదు," అని ఎవరో రాశారు. ఏమీ జరగదా? చూపిస్తాను, అనుకున్నాను. మార్గశిరంలో ఆ పిల్లకు నెలలు నిండేసరికి తుఫాను తెప్పించాను. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తున్న దోనెను నీళ్ళ మధ్య ఆపి, నొప్పులు మొదలుపెట్టి, ఆ భాగం అక్కడితో ముగించాను. తర్వాతి భాగం అప్పటికే రాసి పెట్టుకున్నాను. అందులో బిడ్డ దక్కదు. చదివినవాళ్ళు ఏడుస్తారని నాకు తెలుసు. ఏడిపించినవాళ్ళనే రచయిత్రులంటారని కూడా అనుకున్నాను.

మర్నాడు కోట నుంచి ఫోన్ వచ్చింది.

"ఏవండీ టీచరుగారూ, మీ రాత మీద నమ్మకం లేక అమ్మవారికి మొక్కేసుకున్నానండి."

"దేనికమ్మా?"

"ఆ పిల్ల సుఖంగా పురుడై నీళ్ళాడితే చీర పెడతానని."

"కథలో పిల్లకా మొక్కు?"

"మీకు కథండి. మాకు మంగళవారం మంగళవారం ఇంటికొచ్చే మనిషండి. మా అమ్మాయికి ఇంకా మూడు వారాలుంది కదా, ఆ పిల్లకి ఏమైతే తనకీ అదే అవుద్దని కూర్చుందండి. నిన్నటి నుంచి ముద్ద ముట్టట్లేదు."

"సీరియల్ చూసినప్పుడు ఇలా భయపడిందా?"

"లేదండి. ఆళ్ళకి డబ్బులు కావాలి కదా, చంపరండి. మీరు ఊరికే రాస్తన్నారు. పైగా లెక్క ప్రకారం పోయే మనిషి. మీరు చంపేత్తారండి."

ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలతో బతికినదాన్ని ఇంత పెద్దగా మెచ్చుకున్నవాళ్ళు లేరు, ఇంత గట్టిగా కొట్టినవాళ్ళూ లేరు. ఫోన్ పెట్టేసి, రాసి పెట్టుకున్నదాన్ని తీసి, బడిలో పేపరు దిద్దినట్టు మొదటి నుంచీ దిద్దాను. నెలలు నిండిన బిడ్డ. రోజూ కడుపునిండా తిన్న తల్లి. దోనెలో పక్కనే, ఊళ్ళో చాలామందికి పురుడు పోసిన మేనత్త. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నేనే. మెట్లూ లేవు, జారడమూ లేదు. మెట్టు మెట్టుకూ లెక్క సరిగ్గా చేసి, జవాబు దగ్గర మాత్రం నాకు కావలసింది వేసుకున్నాను. పిల్లలెవరైనా అలా చేస్తే పేజీకి అడ్డంగా గీత కొట్టేదాన్ని. కొట్టాను. మంగళవారం నాటికి దోనెలోనే ఆడపిల్ల పుట్టింది, గాలి తగ్గాక ఒడ్డు చేరింది. "ఏడుద్దామని కొంగు పట్టుకుని కూర్చుంటే అంతా వృథా చేశారండీ అక్కయ్యా," అంది మా తోడికోడలు, ముక్కు ఎగబీలుస్తూ.

మొక్కు తీర్చుకోవడానికి కోట ఆవిడ ఆ వారమే బయల్దేరబోయింది. కథలో పిల్లకి పురిటి మైల వెళ్ళకుండా మొక్కెలా తీరుస్తారని నేనే ఆపాను. "అదీ నిజమేనండోయ్," అంది. మళ్ళీ ఆలస్యమైతే వాళ్ళ అమ్మాయికి నొప్పులు వస్తాయి, అప్పుడు వాళ్ళింట్లో నిజం మైల. ఆ రెంటి మధ్యా ఒక ఆదివారం దొరికింది. మా పుట్టింట్లో తరతరాలుగా ముహూర్తాలు పెట్టారు గానీ ఇంత ఇరుకు ముహూర్తం ఎవరూ పెట్టి ఉండరు. అంతలో ఆవిడకు ఇంకో చిక్కు తోచింది: "మొక్కు ఎవరి కోసమో ఆ మనిషి రావాలి కదండీ. ఆ పిల్ల ఎలాగూ రాదు. మీరొచ్చి నిలబడండి."

వెళ్ళాను. తాడేపల్లిగూడెం నుంచి మా తోడికోడలు కూడా వచ్చింది. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు. నేను దోనె మీద తిరిగిన నీళ్ళు ఎక్కడున్నాయో పోల్చుకోలేకపోయాను. గుడిలో ఆకుపచ్చ చీర పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చారు. పూజారిగారు పేరడిగారు. ఆ పిల్ల పేరు చెప్పాను. నక్షత్రం అడిగారు. సీరియల్ వాళ్ళు చెప్పకపోయినా నేను ఒక అధ్యాయంలో రాసే ఉన్నాను కాబట్టి తడుముకోలేదు. "గోత్రం?" అన్నారు. అది నేను రాయలేదు. కోట ఆవిడ నా వైపు చూసింది. వెనక జనం నిలబడి ఉన్నారు. మా గోత్రం చెప్పాను.

"అయితే మనకింకో తోడికోడలన్నమాట," అంది చెవి దగ్గర మా తోడికోడలు.

పూజారిగారు కుంకుమ పొట్లం ఇచ్చి, "అమ్మాయికి ఇవ్వండి," అన్నారు. కళ్ళకద్దుకుని తీసుకున్నాను.

భోజనం కోట ఆవిడ ఇంట్లోనే. మేము తినని చేపల వాసన మాకు రాకూడదని ఆ పూట ఇంట్లో పప్పు, వంకాయ కూర మాత్రమే చేసింది. వాళ్ళ అమ్మాయి గోడకానుకుని కూర్చుని నన్ను తేరిపార చూసి, "చదివినప్పుడు మీరు ఇంకా లావుగా, కోపంగా ఉంటారనుకున్నానండి," అంది. అని పెరుగన్నం మారు వడ్డించుకుంది. నేను ఆ కంచం వైపే చూస్తున్నాను. నా కథకు వచ్చిన మెప్పులన్నీ ఒక ఎత్తు, ఆ రెండో వడ్డన ఒక ఎత్తు. బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చి, "మీ రాత మీద ఇప్పుడు నమ్మకం కుదిరిందండి. అయినా అంతా అమ్మవారి దయ," అంది.

ఆ అమ్మాయికి అనుకున్న వారంలోనే ఆడపిల్ల పుట్టింది. "మీ పిల్ల కంటే మా పిల్ల బరువండి," అని కబురు. నేను బారసాల చేయించి, పిల్లను ఉయ్యాల్లో వేయించి, కథ ఆపేశాను. కుంకుమ పొట్లం దేవుడి గదిలో ఉంది. ఇవ్వవలసిన మనిషి ఇంకా రాలేదు. నెల నెలా నేను సరిచూసిన పిల్ల నేనుంచిన ఉయ్యాల్లోనే ఉంది. కాలం మాత్రం నన్ను అడగకుండా కోటలో ఇంకో పిల్లను గుమ్మం దాటించింది.