మస్తాన్‌ను వెనక్కి పిలుచుకురావడానికి కల్లూరు పోయాం

జీతం పెంచుతాను రమ్మన్నా రాకపోతే, ఇక మనిషిని ఎలా పిలవాలో మీరే చెప్పండి. బేతంచెర్లలో నాది చిన్న బండల ఫ్యాక్టరీ. మస్తాన్ మెరుగు పెడితే బండలో మన మొహం కనబడుతుంది. ఇంకెవరు పెట్టినా అంచులు ఎగిరిపోతాయి. అలాంటివాడు మూడు నెలల కిందట కర్నూలు పక్కనున్న కల్లూరుకు మకాం మార్చి, నేనిచ్చేదానికంటే తక్కువకే వేరే షెడ్డులో చేరాడు. నేనేమో కర్నూలులో ఒక కల్యాణ మండపానికి నెలలోపు బండలిస్తానని మాటిచ్చి కూర్చున్నాను. ఫోనులో పని జరగక స్వయంగా బయల్దేరాను. వాళ్లావిడ షాహీనాకు నచ్చజెప్పడానికి మా ఆవిడ సుజాతను కూడా తీసుకుపోయాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదొక్కటే.

ఉదయం ఏడుకు బస్సెక్కితే దాదాపు రెండు గంటల్లో కర్నూలు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఇద్దరికీ కలిపి వంద దాటలేదు. ఊరు దాటేదాకా కిటికీలోంచి గనులు, లారీలు, వాటి వెనక తెల్లటి దుమ్ము. బస్టాండు బయట షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ఇరవై.

"యాడికప్పా?" అన్నాడు డ్రైవరు.

"కల్లూరు. మావాడొకడు ఆడుండాడు, పిలుచుకొని పోవల్ల."

"అట్లా వచ్చినోళ్లను శానామందిని ఎక్కించుకున్నాలేప్పా. ఎవురూ పిలుచుకొని తిరిగిపోలేదు."

మస్తాన్ ఇల్లు కొత్త వీధిలో ఉంది. షాహీనా కుర్చీలు వేసింది. మేమిద్దరం ఉఫ్‌మని ఊది, తువాలుతో తుడిచి కూర్చున్నాం. మా ఊళ్లో ఎవరైనా అంతే. టీ రాగానే గ్లాసుల మీద అరచేతులు కప్పాం. మస్తాన్ నవ్వాపుకోలేకపోయాడు.

"చెయ్యి తియ్యన్నా, ఈడ దుమ్ము పడదు. మేమూ ఒక నెల అట్లే తాగుతాంటిమి."

"నవ్వింది చాల్లే. ఇంకో వెయ్యి వేసుకో, పదా."

"జీతం కాదన్నా. పాపకు దగ్గు పోయింది. బడికి నడిచి పోతాంది. సాయంత్రమైతే నేను మిద్దెమీద కూచుంటాండా. నువ్వెప్పుడన్నా మీ మిద్దె మీద కూచున్నావా?"

మాకో మిద్దె ఉందని గుర్తొచ్చే పదేళ్లయింది. సాయం కోసం సుజాత వైపు చూస్తే కుర్చీ ఖాళీ. షాహీనాతో పైకెక్కి, తీగ మీది తెల్లచీర అంచు పట్టుకొని కేకేస్తోంది. "ఏమయ్యా, ఇది పొద్దున్నుంచి ఆరుతాండాదంట! మనింట్లో అయితే ఈపాటికి మళ్లా ఉతకల్ల. పక్కిల్లు కూడా ఖాళీగుండాదంట!"

నా పని అయిపోయిందని అర్థమైంది. మస్తానే జాలిపడ్డాడు. "నేను రాలేనుగానీ బండలు రాలేవా అన్నా? మండపం ఎట్లాగూ కర్నూల్లోనే కదా. కోత ఆడే పెట్టుకో. మెరుగు మిషను ఈడికి పంపు. చిన్న షెడ్డు బాడుగకుండాది, నీ దగ్గరే చేస్తా."

అలాగే చేశాం. బండలు చెప్పిన రోజుకే మండపం చేరాయి. నెల తిరక్కుండా మేమూ ఆ పక్కింట్లో దిగాం. వారానికి మూడు రోజులు బేతంచెర్ల పోయి కోత చూసుకుంటున్నాను. ఇన్నేళ్లూ పనివాళ్లకు జీతం పెంచుతూ వచ్చానే తప్ప, వాళ్ల ఇళ్ల మీద పడే దుమ్ములో నా వాటా ఎంతో అడగలేదు. ఇప్పుడు కోత దగ్గర దుమ్ము లేవకుండా నీళ్ల పైపులు వేయిస్తున్నాను, ఆలస్యంగానే.

మీరూ ఎవరినైనా వెనక్కి తేవడానికి ఇటొస్తుంటే ఒక్క మాట. తొమ్మిదిలోపు చేరుకోండి, ఆటోలో చోటుంటుంది. ఇంటావిడను మాత్రం వెంట తేవద్దు. తెచ్చారా, మీరూ నాలాగే మిద్దె మీద కూర్చొని, ఒక చేత్తో ఇలా రాసుకుంటూ, రెండో చెయ్యి అలవాటుగా టీ గ్లాసు మీద... ఉండండి, కింద సుజాత కేకేస్తోంది, "ఏమయ్యా, బండల లారీ వచ్చిండాది, దిగు!" అని. వస్తున్నా, ఈ టీ ఒక్కటి తాగి...