ఇంజన్ ఆయనది, స్టీరింగ్ నాది

ముప్పై నాలుగేళ్లుగా మా ఆయన పక్కన, కారు ఎడమ సీటులో కూర్చుని నేను ఒట్టన్‌చత్రం దాటుతున్నాను. దాటడమే తప్ప దిగింది లేదు. మా ఇల్లు కోయంబత్తూరు పక్క తుడియలూరులో, పుట్టిల్లు కంబం దగ్గర. మధ్యలో ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టు. గుట్టలుగా మునక్కాయలు, మూటలు మూటలుగా చిన్నుల్లిపాయలు, రోడ్డు మీదికే వాసన కొడుతుంటాయి. “ఏమండి, ఒక్క అయిదు నిమిషాలు ఆపండి” అంటాను. “వచ్చేటప్పుడు ఆపుతాలే” అంటాడు. వచ్చేటప్పుడేమో “ఇప్పుడు ఆపితే పల్లడం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం” అంటాడు. ఆ మనిషికి కారు ఆగేది రెండే చోట్ల, పెట్రోలు బంకు దగ్గర, ఆయనకు కాఫీ కావాల్సిన చోట.

నాకు కారు నేర్పమని పెళ్లైన కొత్తలో అడిగాను. పిల్లలు పెద్దయ్యాక అడిగాను. యాభై ఆరేళ్లు నిండాక కూడా సిగ్గు లేకుండా అడిగాను. “నీకెందుకే ఆ తలనొప్పి, నేను లేనా?” అన్నాడు. నా తలనొప్పి ఎవరో ఆయనకు తెలియదు పాపం!

పంపుల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా రిటైరై ఇంటికొచ్చిన నెలకే ఆయనకు సొంతంగా కారు తయారు చేయాలన్న పిచ్చి పట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పొద్దున లేస్తే ఫోన్‌లో వీడియోలు, పడుకుంటే వీడియోలు. ఒకరోజు లారీలో ఇనుప చట్రం, పెట్టెల్లో ఫైబర్ బాడీ దిగాయి. ఇంజన్, స్టీరింగ్, చక్రాలు మనమే వెతుక్కోవాలట. “ఇది రోడ్డెక్కుతుందా?” అన్నాను. “దీనికి రిజిస్ట్రేషన్ రాదు. తోటలో తిప్పుకోవాల” అన్నాడు. ఇంటి వెనక మా కొబ్బరితోట అరెకరం ఉంటే ఎక్కువ. అందులో తిప్పుకోవడానికి కారు!

ఇంజన్ కోసం ఉక్కడంలో పాత సామాన్ల అంగళ్లన్నీ గాలించి ఒక వ్యాను ఇంజన్ పట్టుకొచ్చాడు. స్టీరింగ్ దగ్గర వచ్చింది చిక్కు. చట్రానికి సరిపడే కొలత ఒకే ఒక ముసలాయన అంగట్లో ఉంది. ఆయనతో తమిళంలో బేరమాడుతూ, మధ్యలో నాకు ఫోన్ చేసి తెలుగులో “ఈ ముసిలోని అంగట్లో అంతా పనికిరాని పాత ఇనుమే” అన్నాడు. సగం మందికి తెలుగొచ్చే కోయంబత్తూరులో తెలుగులో రహస్యం మాట్లాడే తెలివైనవాడు మా ఆయన ఒక్కడే. నాకు ఫోన్‌లోనే ముసలాయన గొంతు వినబడింది.

“పాత ఇనుము అంగట్లో పాత ఇనుము కాక జిలేబీలు ఉంటాయా సామీ? ఇంక నా మెట్టు ఎక్కొద్దు.”

మూడు రోజులు మా ఆయన ఇంట్లో పిల్లి అడుగులేసుకుంటూ తిరిగాడు. నాలుగో రోజు కాఫీ గ్లాసు తనే కడిగి పెట్టాడు. అప్పుడే అనుకున్నాను, ఏదో అడగబోతున్నాడని.

“ఏమే, నువ్వు పోయి ఆ స్టీరింగ్ తెస్తావా?”

“తెస్తాను. కానీ నేను తెచ్చింది నాది. నేనూ పట్టుకుని తోలతాను.”

“సరే సరే” అన్నాడు, చట్రం లోపల తల దూర్చి. ఆ సరే ఎలాంటి సరేనో నాకు తెలుసు. ఒట్టన్‌చత్రం దగ్గర ప్రతిసారీ వినే సరే అదే.

అంగట్లో ముసలాయన మొదట తమిళంలో, ఇంట్లో మగవాళ్లు ఎవరూ రాలేదా అని అడిగాడు. “వచ్చినారు కదా, మీరే మెట్టు ఎక్కొద్దన్నారు” అన్నాను తెలుగులో. పడీ పడీ నవ్వాడు. నవ్వి మూడు స్టీరింగులు తెచ్చి నా ముందు పరిచాడు. స్టీరింగ్ అంటే చక్రం ఒక్కటే కాదు. చక్రం, దాని కింద కడ్డీ, అడుగున చక్రాలను అటూ ఇటూ నెట్టే పళ్ల కమ్మీ. ఆ కమ్మీని ర్యాక్ అంటారు. ఒకదానికి నల్లరంగు వేసి నిగనిగలాడించాడు. నూనె రాసిన వంకాయను నేను చూడలేదా? పక్కన పెట్టాను. రెండోదాన్ని కళ్లు మూసుకుని మెల్లగా తిప్పితే నడిమధ్యలో పట్టింది, రాయి పడిన తిరగలిలాగ. మూడోది మట్టిగొట్టుకుపోయి ఉంది కానీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెన్నలాగ తిరిగింది. రెండు వైపులా తిప్పి లెక్క చూశాను, సమానంగా ఉంది. “ఇదివ్వండి” అన్నాను.

“ఈ విద్దెలు ఎవరు నేర్పినారమ్మా నీకు?” అన్నాడు ముసలాయన.

“కూరగాయలు” అన్నాను.

దాన్ని నేరుగా ఇంటికి తేలేదు. తుడియలూరు బజారులో పాత్రల అంగడి ముందు ఆగాను. మా ఇళ్లలో పుట్టింటి నుంచి వచ్చిన బిందె మీద, చెంబు మీద పేరు కొట్టిస్తారు. ఎవరి పేరుంటే వాళ్లది. అన్నదమ్ములు వేరుపడ్డా, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నా ఆ చెంబు జోలికి ఎవరూ రారు. స్టీరింగ్ చక్రం నడిమి ఇనుప పట్టీ మీద నా పేరు మొదటి రెండక్షరాలు కొట్టమన్నాను. పేర్లు కొట్టే అతను చక్రాన్ని అటూ ఇటూ తిప్పి “ఇందులో ఏం వండుతారక్కా?” అని అడిగాడు. “మా ఆయన్ని” అన్నాను.

బిగించేటప్పుడు అసలు గొడవ. ర్యాక్ ఉండాల్సింది ముందు చక్రాల ఇరుసుకు వెనక. సరిగ్గా అక్కడే ఆయన ఇంజన్ పొట్ట వేలాడుతోంది.

“ఇంజన్‌ని కొంచెం పైకి లేపండి” అన్నాను.

“ఇంజన్ జరగదు. కావాలంటే నీ స్టీరింగ్ జరగాల.”

“నాదెందుకు జరగాల?”

“ఇంజన్ అంటే ఇంజన్! సుమ్మా ఉండు, మాట్లాడకుండా.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ర్యాక్‌ని ఇరుసుకు ముందుకు తెచ్చాడు. చక్రాలను తిప్పే ఇనుప చేతుల్ని కూడా ముందుకు తిరగేసి బిగించాడు. “చూసినావా, ఎంత సులువో” అని నాకేసి చూసి మీసం దువ్వుకున్నాడు.

మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, తెల్ల చొక్కా వేసుకుని ఆయనే ఎక్కాడు. నేను చక్రం మీద నా అక్షరాలు చూపించాను. “ముందు పరీక్ష చెయ్యాల కదా” అన్నాడు. బండి కదిలింది. కుడిపక్కన పేడకుప్ప ఉందని స్టీరింగ్ ఎడమకు తిప్పాడు. బండి కుడికి పోయింది. కంగారుగా ఇంకా ఎడమకు తిప్పాడు. బండి ఇంకా కుడికి పోయింది. ముందు చక్రాలు రెండూ కుప్పలో దిగబడ్డాయి, చొక్కా సంగతి చెప్పనక్కర్లేదు.

“ఏం స్టీరింగ్ తెచ్చినావే!” అని అరిచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

నాకు నవ్వాగలేదు. “ఏమండి, ముప్పై నాలుగేళ్లుగా ఒట్టన్‌చత్రంలో ఆపమంటే ఆపలేదు కదా. ఇదే ఒట్టన్‌చత్రం అనుకోండి. దేవుడే ఆపినాడు” అన్నాను. అలిగి, నీళ్లు పోసుకోవడానికి పోయాడు.

పక్క తోట పనివాళ్లు వచ్చి బండిని వెనక్కి లాగారు. ఆయన లేడు కదా, ఎక్కి కూర్చున్నాను. క్లచ్, గేర్ ఎలా వేయాలో ఎడమ సీటులోంచి అన్నేళ్లు చూసినదాన్నే. రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారి కదిలింది. ఎటు తిప్పితే దానికి అవతలి వైపు పోతోంది. పోతే పోనీ! చిన్నప్పుడు మా నాన్న వెనక ఎద్దుల్ని తోలినదాన్ని. ఎడమ డొక్క మీద తడితే ఎద్దు కుడికి పోతుంది, కుడి డొక్క మీద తడితే ఎడమకు. అంతే కదా ఇదీ. బావి చుట్టూ ఒక సుత్తు తిరిగొచ్చాను, ఇంకో సుత్తు తిరిగాను. మూడో సుత్తులో చూస్తే మా ఆయన తువ్వాలు కట్టుకుని, చెవి మీద సబ్బు నురగతో, నోరు తెరిచి నిలబడి ఉన్నాడు.

తర్వాత నాలుగు రోజులు మా తోట తిరునాళ్లే. ఆయన ఎక్కితే పేడకుప్ప. నేను ఎక్కితే బావి చుట్టూ హాయిగా ప్రదక్షిణం. నలభై ఏళ్ల అలవాటు ఆయన చేతుల్ని లాక్కుపోయేది. నా చేతులకు ఏ అలవాటూ లేదు, ఏనాడూ ఎవరూ ఏదీ పట్టుకోనివ్వలేదు కనుక. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడ మీదనుంచి చూసి చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, పెళ్లినాడు కూడా నేను అంత సంతోషంగా లేను.

అయిదో రోజు ఆయన స్పానర్ పట్టుకుని వచ్చాడు. “దీన్ని సరి చెయ్యాల.”

“నాకు సరిగ్గానే ఉండాది. తాకితే చెయ్యి విరుగుతుంది. పేరు చూడండి.”

“ఏమే, నేను వెటకారానికి చెప్పలే. దీని మీద నేర్చుకుంటే రేపు నిజం కారెక్కి జనాల మీదికి పోతావు. నీకు పేడకుప్ప ఒట్టన్‌చత్రం కావాల్నా, నిజం ఒట్టన్‌చత్రం కావాల్నా?”

మనిషి మొండివాడే కానీ మాట నిజం. వంటింట్లోకి పోయి, చింతపండు పిసుకుతూ ఏడ్చాను. బతుకులో ఒకే ఒక బండి నా మాట విన్నది, అది కూడా తప్పుగా బిగించిన బండి. సరి చేశాక ఆయన కుడిపక్క, నేను ఎడమపక్క, మళ్లీ పాత కథే.

మూడు రోజులు షెడ్డులో కోత, వెల్డింగ్, తిట్లు. నేను ఆ ఛాయలకు పోలేదు. నాలుగో పొద్దున పిలిస్తే పోయి చూశాను. ర్యాక్ ఇరుసు వెనక, దాని చోట అది కూర్చుంది. దాని పైన ఇంజన్ మూడంగుళాలు పైకి లేచి, కొత్త ఇనుప కాళ్ల మీద నిలబడి ఉంది.

“ఇంజన్ జరగదన్నారే?” అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుని, బండి చుట్టూ తిరిగి పోయి, ఎడమ సీటులో కూర్చున్నాడు. ఆ సీటులో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నాడు.

“ఎక్కు” అన్నాడు.

మొదటిసారి అరటిచెట్టు పడగొట్టాను. బండి సరైంది, ఇప్పుడు వంకర నా చేతుల్లో ఉంది. “పరవాలే, మళ్లీ” అన్నాడు. రెండోసారి బావిగట్టుకు జానెడు దూరంలో ఆగింది. తన వైపు లేని బ్రేకును ఆయన పాదం తొక్కుతూనే ఉంది, నోరు మాత్రం “మళ్లీ” అంటూనే ఉంది. ఎన్నోసారో గుర్తులేదు, బండి చెట్ల నడుమ బుద్ధిగా పోయింది. కుడికి తిప్పితే కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు. పేడకుప్ప వచ్చింది. బ్రేకు తొక్కాను. మూరెడు ముందే ఆగింది.

“ఇదేం ఊరు?” అన్నాడు.

“ఒట్టన్‌చత్రం” అన్నాను.

సీటు కింద చెయ్యి పెట్టి పసుపుపచ్చ గుడ్డ సంచి ఒకటి తీశాడు. ఎప్పుడు పెట్టుకున్నాడో ఏమో. దాన్ని దులిపి, తలుపు తీసుకుని దిగి, పేడకుప్ప ముందు నిలబడి నా వైపు తిరిగాడు.

“ఏం కొనాల?”

ముప్పై నాలుగేళ్లు ఆ ప్రశ్నకు జాబితా కట్టుకుని కూర్చున్న మనిషిని నేను. ఒక్కటి గుర్తొస్తే ఒట్టు. కళ్లు మసకబారి క్లచ్ వదిలేశాను, ఇంజన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

“చిన్నుల్లిపాయలు” అన్నాను చివరికి.

“ఎన్ని కిలోలు?” అని అడిగాడు, సంచి నోరు తెరిచి పట్టుకుని.